లేబుల్ ఒకటి, మొక్క ఒకటి: బెజవాడ ఎండల్లో రోజెట్ సక్యులెంట్ల సమస్యలు - పరిష్కారాలు

ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు సక్యులెంట్లు. ఆకులు గులాబీ రేకుల్లా చుట్టూ పేర్చుకుని ఉంటే ఆ పేర్పును రోజెట్ అంటారు. అలాంటి మొక్కలన్నిటినీ నర్సరీల్లో ‘రోజ్ సక్యులెంట్’ అని అమ్మేస్తుంటారు. కొన్నవాళ్లూ అదే పేరుతో ఇంటికి తెచ్చుకుంటారు. ఆ ఒక్క పేరు కింద మెక్సికో కొండల ఎచెవేరియా, దక్షిణాఫ్రికా హవార్థియా, ఐరోపా మంచుకొండల సెంపర్వివం, కానరీ దీవుల ఇయోనియం, ఎడారి అగేవ్ అన్నీ కలిసిపోతాయి. చూపుకి అన్నీ ఒకలాగే ఉన్నా ఒకదానికి సరిపడే ఎండ ఇంకోదాన్ని మాడ్చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే విజయవాడ, గుంటూరుల్లో ఈ తేడా తెలియకపోతే కుండీకి కుండీ ఖాళీ అవుతుంది. మొక్క పాడైందనగానే మందు కోసం పరిగెత్తకుండా ముందు అది ఏ జాతో తేల్చుకోవాలి. సగం సమస్యలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

సమస్య: తెచ్చినప్పుడు గులాబీ రంగు, నెల తిరిగేసరికి పచ్చ

ఇది రోగం కాదు, చాలాసార్లు మోసమూ కాదు. ఎచెవేరియా ఆకుల్లో ఎరుపు, ఊదా రంగులు రావాలంటే గట్టి వెలుతురు, చల్లని రాత్రులు, కాస్త నీటి ఎద్దడి కావాలి. కాలింపాంగ్ లాంటి కొండ ప్రాంతాల్లోనో, బెంగళూరు చుట్టుపక్కలో పెరిగి వచ్చిన మొక్కకు అక్కడ ఇవన్నీ అందుతాయి. మన దగ్గర మే నెలలో అర్ధరాత్రి కూడా గోడలు వేడిగా ఉంటాయి. దాంతో రంగు దిగిపోయి అసలు పచ్చదనం బయటపడుతుంది.

అందుకే రంగు చూసి పేరు పెట్టకూడదు. ‘పెర్లే ఫాన్ న్యూరెంబెర్గ్’ అనే ఎచెవేరియా రకాన్నే తీసుకోండి. జర్మనీలో 1930లలో తయారైన ఈ సంకరం చలికాలంలో ఊదా-గులాబీ కలిసిన రంగులో మెరిసిపోతుంది. నీడలో పెడితే బూడిద పచ్చగా మారి, ఇదే మొక్కా అనిపిస్తుంది. ఆ స్థితిలో ఫొటో తీసి పేరడిగితే నలుగురు నాలుగు పేర్లు చెబుతారు.

కాలంతో పెద్దగా మారని గుర్తులు చూడండి. ఆకు మొన సన్నగా ముల్లులా ఉందా, గుండ్రంగా ఉండి నడుమ చిన్న కొన మాత్రమే పొడుచుకొచ్చిందా? అంచు నున్నగా ఉందా, సన్నని నూగు ఉందా? ఆకు మీద తెల్లని పూత ఉందా, వేలితో రాస్తే పోతోందా? ఆకు అడ్డకోత బల్లపరుపుగా ఉందా, ఉబ్బుగా ఉందా? ఒక్కో మొక్కకు ఈ నాలుగూ రాసిపెట్టుకుంటే రంగు మారినా గుర్తు తప్పరు. ఎచెవేరియా అగవాయిడిస్ మొన సూదిగా ఉంటుంది. ఎలిగాన్స్ ఆకులు గరిటెలా వంగి లేత నీలంగా ఉంటాయి. పుల్వినాటా ఒళ్లంతా వెల్వెట్ నూగు, దాన్ని ఇంకోదానితో పొరబడటం కష్టం.

రంగు తిరిగి కావాలంటే డిసెంబరు, జనవరి వరకు ఆగాలి. ఉదయం పది దాకా ఎండ తగిలేచోట పెట్టి, నీళ్లు తగ్గించండి. రంగు కోసమని ఏప్రిల్‌లో డాబా మీద పెట్టేవాళ్లకు రంగు రాదు సరికదా, ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎండకు కాలిన మచ్చ మానదు. ఆ ఆకు రాలిపోయేదాకా చూస్తూ ఉండాల్సిందే.

సమస్య: చారల హవార్థియాకు రెండు పేర్లు చెబుతున్నారు

ముదురు ఆకుపచ్చ ఆకుల మీద తెల్లని అడ్డచారలున్న ‘జీబ్రా’ మొక్క ఒకరి దగ్గర అటెన్యుయేటా, ఇంకొకరి దగ్గర ఫాసియేటా. ఫాసియేటా అని లేబుల్ పెట్టి అమ్మేవాటిలో చాలావరకు అటెన్యుయేటాయే ఉంటుంది. తేల్చుకోవడం చాలా సులువు. ఒక ఆకును మెల్లగా బయటికి వంచి, మొక్క నడిమి వైపు తిరిగి ఉండే పైభాగాన్ని వేలికొనతో రాయండి. చిన్న చిన్న బొబ్బల్లా గరుకుగా తగిలితే అటెన్యుయేటా. నున్నగా ఉండి చారలు వెనక వైపుకే పరిమితమైతే ఫాసియేటా. ఆకు లోపల పీచు ఎక్కువగా ఉండటం కూడా ఫాసియేటా గుర్తే. కానీ దానికోసం ఆకు కోయాలి కాబట్టి కొనకముందు ఆ పని చేయకండి, నర్సరీ వాళ్లు ఊరుకోరు.

2013లో గోర్డన్ రౌలీ ఈ రెండింటినీ హవార్థియా నుంచి విడదీసి హవార్థియోప్సిస్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. పాత లేబుళ్లు, కొత్త లేబుళ్లు రెండూ బజారులో తిరుగుతున్నాయి కాబట్టి హవార్థియా అన్నా హవార్థియోప్సిస్ అన్నా అదే మొక్క అని గుర్తుంచుకుంటే చాలు. పెంపకంలో అటెన్యుయేటాకూ ఫాసియేటాకూ తేడా ఏమీ లేదు. ఫాసియేటా అని రెట్టింపు ధర చెప్పినప్పుడే ఈ వేలి పరీక్ష పనికొస్తుంది.

వీటి మధ్యలోకి ఇంకొకటి దూరుతుంది, అరిస్టాలో. ఆకు మీద తెల్ల చుక్కలుంటాయి, అంచున మెత్తని పళ్లు, కొనన సన్నని వెంట్రుక. పువ్వు వస్తే అనుమానమే ఉండదు. హవార్థియా పువ్వు పొడవాటి సన్నని కాడ మీద చిన్నగా, తెల్లగా, రేకు నడుమ పచ్చని గీతతో ఉంటుంది. అరిస్టాలోది నారింజ రంగు గొట్టం.

సమస్య: ఆకుల మీద తెల్లగా ఏదో ఉంది

గుంటూరు జిల్లాలో పత్తి చేలు తెలిసినవాళ్లకు పిండినల్లి గురించి చెప్పక్కర్లేదు. చిక్కేమిటంటే ఎచెవేరియా, దాని దగ్గరి చుట్టం గ్రాప్టోపెటలం ఆకుల మీద సహజంగా కూడా తెల్లని పూత ఉంటుంది. అది మొక్కకు ఎండ నుంచీ నీటి చుక్కల నుంచీ కాపు. పురుగనుకుని దాన్ని తుడిచేస్తే ఆ ఆకు మీద మళ్లీ రాదు. వేలిముద్రలు అలాగే ఉండిపోతాయి. ఎచెవేరియా లౌయి లాంటి మొక్క అందమంతా ఆ పూతలోనే ఉంది. దాన్ని కుండీ పట్టుకునే ఎత్తాలి.

పూత ఆకంతా సమానంగా ఉంటుంది. పిండినల్లి మాత్రం ఆకు కాండానికి అతుక్కునే మూలల్లో, నడిమి లేత చిగురులో దూదిపింజల్లా గుంపులు కడుతుంది. పుల్లతో కదిపితే జిగటగా సాగుతుంది. చుట్టూ చీమలు తిరుగుతుంటే ఇక సందేహం వద్దు.

మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ఇయర్ బడ్ ముంచి ఒక్కో గుంపును తుడవండి. మొక్కను నీడకు మార్చి, వారం ఆగి మళ్లీ చూడండి. గుడ్లు మిగిలితే మళ్లీ పుడతాయి కాబట్టి మూడు నాలుగు వారాలు వదలకూడదు. వేపనూనె కొట్టేవాళ్లు సాయంత్రం పూటే కొట్టాలి, పూత ఉన్న రకాల మీద అసలు వద్దు. పైన ఏమీ కనపడకుండా మొక్క వాడిపోతుంటే కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. అక్కడ తెల్లని బూజులా కనిపిస్తే అది వేరు పిండినల్లి. మట్టంతా కడిగేసి, వేళ్లు కత్తిరించి, ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటాలి. పాత మట్టిని పక్క కుండీలో పోయకండి.

సమస్య: రోజెట్ విచ్చుకుపోయి, కాండం పొడవుగా సాగుతోంది

వెలుతురు చాలడం లేదు. మే ఎండకు భయపడి హాల్లోకి తెచ్చి, జూలై వచ్చినా బయటపెట్టకపోతే ఎచెవేరియా ఇలాగే సాగుతుంది. సాగిన మొక్కను చూసి రకం గుర్తించడం దాదాపు అసాధ్యం, ఆ ప్రయత్నం మానుకోండి. పైన రోజెట్‌ను ఒక అంగుళం కాండంతో కోసి, నీడలో నాలుగైదు రోజులు కోత ఆరనిచ్చి, పొడి ఇసుక మిశ్రమం మీద కూర్చోబెట్టండి. వేళ్లు పట్టాకే నీళ్లు. కింద మిగిలిన మోడును పారేయకండి, దానికి పిలకలు వస్తాయి. రణపాల ఆకుకు మొక్క పుట్టినట్టే రాలిన ఆకులకూ పిల్లలొస్తాయి. రణపాల, ఎచెవేరియా ఒకే కుటుంబం. హవార్థియా ఆకు అంత తేలిగ్గా రాదు, దానికి పక్క పిలకలే దారి. గ్రాప్టోపెటలం పరాగ్వాయెన్సే మాత్రం ఎండలోనైనా కాండం సాగి కుండీ బయటికి వేలాడుతుంది. అది దాని స్వభావం.

సమస్య: నిన్న బాగుంది, ఇవాళ ఆకులు నీళ్లు కారుతున్నాయి

అడుగు ఆకులు గాజులా పారదర్శకంగా మారి, ముట్టుకుంటే ఊడిపోతే అది కుళ్లు. ఎక్కువగా రెండు సమయాల్లో వస్తుంది: మే చివర వేడిలో రోజూ నీళ్లు పోసినప్పుడు, అక్టోబరు-నవంబరు తుపాను ముసురులో. ఈ మొక్కల ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. రాత్రి చల్లబడకపోతే ఆ పని సాగక మొక్క దాదాపు నిద్రలో ఉంటుంది. అప్పుడు పోసిన నీళ్లు తాగేవాళ్లు లేక వేళ్ల దగ్గరే నిలిచిపోతాయి. “ఇంత ఎండలో పాపం దాహం వేస్తుందేమో” అనే జాలి ఇక్కడ పనికిరాదు.

మొక్కను పీకి, కాండాన్ని కిందినుంచి పైకి పొరలు పొరలుగా కోస్తూ రండి. కోతలో గోధుమరంగు చుక్క గానీ వలయం గానీ కనిపిస్తే ఇంకా పైకి కోయాలి. తెల్లగా, పచ్చగా శుభ్రంగా కనిపించాక ఆపండి. కోసిన చోట కొద్దిగా సాఫ్ (బూజు తెగుళ్ల మందు) పొడి అద్ది, నీడలో ఆరబెట్టండి. చాకును ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడవాలి. కుళ్లు రోజెట్ నడిమిదాకా వెళ్లిపోతే నాలుగు మంచి ఆకులు ఏరుకుని మిగతాది వదిలేయడమే.

మట్టి విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. గుంటూరు నల్లరేగడి ఒక్క పిడికెడు కూడా కలపకండి. పత్తికీ మిర్చికీ అది బంగారమే, కానీ తడిని పట్టుకుని వదలదు. నర్సరీ నుంచి వచ్చే కొబ్బరి పొట్టు కూడా అంతే, తెచ్చిన వారంలో మార్చేయండి. జల్లించిన ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు) కలిపి మూడు వంతులు, కంపోస్టు ఒక వంతు చాలు. మార్చి నుంచి జూన్ వరకు గ్రీన్ నెట్ కింద పెట్టి, మిశ్రమం అడుగుదాకా ఎండాక సాయంత్రం పూట పోయండి. నీరు ఆకుల నడుమ నిలవకూడదు.

సమస్య: కొండమొక్క అని కొన్నాను, వేసవి దాటలేదు

సెంపర్వివం మంచును తట్టుకునే మొక్క. మన వేడికి నిలవదు. దాన్ని గుర్తుపట్టి కొనకుండా ఉండటమే పరిష్కారం. ఆకులు ఎచెవేరియా కంటే పలచగా, ఎక్కువ సంఖ్యలో, అంచున సన్నని వెంట్రుకలతో ఉంటాయి. పిల్లలు తీగలాంటి కాడల చివర పుడతాయి. ఇయోనియం వేసవిలో ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది. చచ్చిపోతోందని నీళ్లు పోస్తే అప్పుడు నిజంగానే పోతుంది.

ఈ రెండింటిలోనూ పూసిన రోజెట్ ఎండిపోతుంది. నడిమి భాగమే పూకాడగా సాగిపోతుంది, దానికి మందు లేదు. సెంపర్వివంకి పక్క పిలకలు మిగులుతాయి. ఎచెవేరియా పూకాడ పక్కనుంచి వస్తుంది, మొక్కకు ఏమీ కాదు. దాని పువ్వులు చిన్న గంటల్లా ఉంటాయి. పువ్వు నక్షత్రంలా విచ్చుకుని రేకుల మీద ఎర్ర చుక్కలుంటే అది గ్రాప్టోపెటలం.

సమస్య: నీలం, వెండి రంగు రోజెట్, కొత్త ఆకులు మాత్రం పచ్చ

రంగు పూశారు. గోరుతో గీకితే ఊడుతుంది. రంగు కింద ఆకుకు వెలుతురు అందదు కాబట్టి మొక్క నీరసపడుతుంది. కొనకండి. ఊదా, నీలం రోజెట్ల విత్తనాలు అమ్మే ప్రకటనల జోలికీ వెళ్లకండి.

ఏవి కొనాలి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు హవార్థియోప్సిస్‌కే: అటెన్యుయేటా, లిమిఫోలియా. తూర్పు బాల్కనీలో ఏడాదంతా నడుస్తాయి. డాబా తప్ప చోటు లేకపోతే అగేవ్ పెట్టండి. పొలం గట్టు మీది కిత్తనారకు ఇది చుట్టమే, ముళ్లు పిల్లలకు తగలని చోట ఉండాలి. ఎచెవేరియా అందం మీద మనసు పడితే ముందు గ్రాప్టోపెటలం, లేదా రెండింటి సంకరమైన గ్రాప్టోవేరియా ‘ఫ్రెడ్ ఐవ్స్’తో ఒక వేసవి గడిపి చూడండి. అవి నిలిస్తే ఎలిగాన్స్, పెర్లే తెచ్చుకోవచ్చు. లౌయి లాంటి ఖరీదైనవి ఏసీ గది, గ్రో లైట్ ఉన్నవాళ్లకు. ఏది కొన్నా నవంబరు, డిసెంబరుల్లో కొనండి, వేసవికి ముందు వేళ్లు పట్టడానికి టైమ్ దొరుకుతుంది. కడియపులంక నర్సరీలకు వెళ్లేవాళ్లు మొక్కను కుండీతో పాటు మెల్లగా ఊపి చూడండి. కదిలిపోతే వేళ్లు లేవని అర్థం.

పేరు తెలియకపోతే ఊహించి రాయకండి. ‘ఎచెవేరియా, రకం తెలియదు’ అని, ఎక్కడ ఎప్పుడు కొన్నారో రాసుకోండి. తప్పు పేరుతో ఇచ్చిన పిలక పది ఇళ్లకు అదే తప్పు పేరుతో వెళుతుంది. మార్కర్ రాత మన ఎండకు ఒక్క వేసవిలో వెలిసిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. కూల్ డ్రింక్ డబ్బా రేకును పట్టీగా కోసి, అంచులు మడిచి, రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ఇంకా మేలు. ఒక పట్టీ పైకి కనిపించేలా గుచ్చండి, అదే పేరుతో ఇంకొకటి మట్టిలో పూడ్చండి. పైది పిల్లి లాగేసినా, గాలికి ఎగిరిపోయినా కిందిది ఉంటుంది.