తవుడు మీద లైపేజ్‌ని ఎక్కించడం ఎలా

ఓయూ, తార్నాక, హబ్సిగూడ వైపు ల్యాబుల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కొవ్వుని అరిగించే లైపేజ్ అనే జీర్ణ ఎంజైమ్‌ని పీచు మీద ఎక్కిద్దామనుకునేవాళ్ల కోసం ఇది. పాంక్రియాస్ సరిగా పనిచేయనివాళ్లకి కొవ్వు అరగాలంటే లైపేజ్ బయటినుంచి ఇవ్వాలి, కానీ కడుపులో పీహెచ్ 4 కన్నా దిగితే అది చచ్చిపోతుంది, అందుకే చాలా క్యాప్సూల్స్‌లో గుళికలకి పేగులోకి వెళ్లాకే కరిగే పూత వేస్తారు. ఆ పూత చేసే పని కొంతైనా పీచు చేస్తుందా అన్నదే మీరు తేల్చాల్సింది. కాబట్టి ఎంత అంటుకుంది అన్నదానికంటే, ఆమ్లంలో నానాక ఎంత పని మిగిలింది అన్నదే చూడండి.

పీచుకి రైస్ మిల్లు తవుడు చాలు. బేగంబజార్‌లో ఇసబ్‌గోల్ ఎంత దొరికినా జోలికి పోవద్దు, నీళ్లు తగిలితే జిగురైపోతుంది, ఇక వడకట్టలేరు. తవుడుతో ఉన్న చిక్కల్లా దాని సొంత లైపేజ్. తెచ్చిన తవుడు త్వరగా పాడైన నూనె వాసన కొట్టేది దానివల్లే. దాన్ని చంపకుండా మొదలుపెడితే మీరు ఎక్కించని ఎంజైమ్ కూడా మీ లెక్కలో పడుతుంది! జల్లించి, హెక్సేన్‌తో నూనె తీసి (ఫ్యూమ్ హుడ్‌లో, మంటకి దూరంగా), పూర్తిగా ఆరాక నీళ్లలో కలిపి 121 డిగ్రీల్లో 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. డిస్టిల్డ్ వాటరే వాడాలి, మన బోరు నీళ్లలోని కాల్షియం, తర్వాత వాడే ఫాస్ఫేట్ బఫర్‌తో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రవం) కలిస్తే అడుగున తెల్లగా పేరుకుంటుంది.

ఎక్కించడం తేలికే. పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము లైపేజ్ కలిపి, గ్రాము పీచుకి 10 మిల్లీలీటర్లు పోసి, 4 డిగ్రీల్లో రాత్రంతా మెల్లగా తిప్పండి. వడకట్టి మూడుసార్లు బఫర్‌తో కడగండి, ఆ ద్రవాలేవీ పారబోయొద్దు. వాటిలో ప్రోటీన్ ఎంతుందో బ్రాడ్‌ఫర్డ్ అనే రంగు పరీక్షతో 595 నానోమీటర్ల దగ్గర చూడండి: 10 మిల్లీగ్రాములు పోస్తే 6 తిరిగొచ్చాయంటే అంటుకున్నది 40 శాతం. తవుడు రంగు రీడింగ్‌ని పాడుచేస్తుంది, ఎంజైమ్ వేయని పీచుతో బ్లాంక్ తప్పనిసరి.

ఇక అసలు పరీక్ష. పీహెచ్ 1.2, 37 డిగ్రీలు, 2 గంటలు, పెప్సిన్ (కడుపులో ప్రోటీన్‌ని అరిగించే ఎంజైమ్) వేసి ఒకటి, వేయకుండా ఒకటి, పక్కనే విడి లైపేజ్. తర్వాత పీహెచ్ 6.8కి మార్చి, ఆలివ్ నూనె ఎమల్షన్ మీద పనిచేయించి, విడుదలైన కొవ్వు ఆమ్లాల్ని టైట్రేషన్‌తో కొలవండి. పీచునీ, దాని మీది ద్రవాన్నీ విడివిడిగా కొలవాలి, ద్రవంలో పని కనిపించిందంటే ఎంజైమ్ ఊడిపోతోందన్నమాట.

ఊరికే అంటించినది ఉప్పు, పీహెచ్ మారితే ఊడే అవకాశం ఎక్కువ. అప్పుడు సోడియం పీరియోడేట్‌తో సెల్యులోజ్‌ని ఆక్సిడైజ్ చేసి రసాయన బంధంతో కట్టొచ్చు, కాకపోతే ఆ బంధం ఆమ్లంలో విడిపోతుంది, బోరోహైడ్రైడ్‌తో స్థిరపరచాలి. గ్లూటరాల్డిహైడ్ చాలామంది వాడతారు, తినే వస్తువు అనుకుంటే నేనైతే వాడను. ఎంత గట్టిగా కట్టినా ఆమ్లం ఎంజైమ్‌ని చేరకుండా ఆగదు, కాబట్టి ఆల్జినేట్ (సముద్రపు నాచు జిగురు) పూసల్లో కాస్త కాల్షియం కార్బొనేట్‌తో కలిపి పెట్టి చూడండి.

ఇంట్లో ఎవరైనా ఈ క్యాప్సూల్స్ వాడుతుంటే మీ పొడి వాళ్లకి ఇవ్వొద్దు, హెక్సేన్ తగిలిన గాజుసామానులో చేసింది తినే సరుకు కాదు, డోసు మార్చాలంటే డాక్టర్నే అడగాలి.