బండి ట్యాంకు మీద కుంచెతో వేసే లైనింగ్ గీత వణుకుతోందా?

చాలాసార్లు తప్పు చేతిది కాదు, పెయింటుది. తిరుపతి ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఎనామెల్ పెయింటు కుంచె మీదే చిక్కబడుతుంది. గీత సగంలో తెగి, అంచులు రంపం పళ్లలా వస్తాయి. పొద్దున్నే, నీడలో, ఫ్యాను ఆపేసి కూర్చోండి.

కుంచె కత్తి ఆకారంలో, ఉడుత వెంట్రుకలది కావాలి. కుచ్చు 2 అంగుళాలుండాలి. పొట్టిదైతే రంగు నిలవదు, జానెడుకోసారి ముంచాల్సిందే. నున్నటి పత్రిక అట్ట మీద పెయింటులో చుక్కచుక్కగా టర్పెంటైన్ కలుపుతూ కుంచెను రెండువైపులా తిప్పి తిప్పి లాగండి. మొదట అట్టకు అతుక్కుంటున్నట్టు బరువుగా ఉంటుంది. ఆ పట్టు వదిలి మెత్తగా జారడం మొదలయ్యాక ఇంకో చుక్క కూడా వేయకండి. పల్చనైతే గీత పాకి, కింది రంగు కనబడుతుంది.

చిటికెన వేలు ట్యాంకుకు ఆనించి, మణికట్టు బిగించి, భుజం నుంచి లాగాలి. చూపు కుంచె మొన మీద కాదు, గీత వెళ్లాల్సిన చోట ఉండాలి. కొత్తలో పాత కిటికీ అద్దం మీదే గీయండి, తప్పితే గుడ్డతో తుడిచేయొచ్చు. బండికైతే ముందు పాలిష్ మైనం, చేతి జిడ్డు పూర్తిగా పోవాలి. లేదంటే రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది.

పనయ్యాక కుంచెను టర్పెంటైన్‌లో కడిగి, కుట్టుమిషను నూనె రాసి, పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే మొన వంగిపోతుంది, ఇక ఆ కుంచె బంక పూయడానికే.