పోటు వేళ చూసుకుని పురుడు: పడవ దాటి ఆసుపత్రికి వెళ్లే గర్భిణులకు

కాట్రేనికోన మండలం చివర, గోదారి సముద్రంలో కలిసే చోట నీళ్ల మధ్య ఉన్న తిప్ప మాది. సంతకైనా ఆసుపత్రికైనా పడవ ఎక్కాల్సిందే. నా మొదటి పురుడు 2008 కార్తీకంలో. నెప్పులు మొదలయ్యాక వెళ్దాంలే అనుకున్నాం. అర్ధరాత్రి దాటాక మొదలయ్యాయి. అమావాస్య నాటి పాటు, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళ. కాలవలో బురద తప్ప నీళ్లు లేవు. మా ఆయన, మరిది దిగి నెట్టినా పడవ కదల్లేదు. పోటుకు నీళ్లు మళ్లీ ఎక్కే దాకా అక్కడే ఉన్నాం. బిడ్డ పడవలోనే పుట్టాడు. నాకు రక్తం ఆగలేదు. ఆసుపత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించాక కళ్లు తెరిచాను.

ఇప్పుడు నేను మా ఊరి ఆశా కార్యకర్తను. ఏ ఇంట్లో కోడలు నీళ్లు పోసుకుందని తెలిసినా ముందు చెప్పేది ఇదే: నెప్పులు వచ్చేటప్పటికి నువ్వు అవతలి గట్టు మీద ఉండాలి.

దానికి మొదట తేదీ కావాలి. మా వాళ్లకు తేదీలు గుర్తుండవు, తిథులు గుర్తుంటాయి. "అమావాస్యకు నాలుగు రోజుల ముందు బహిష్టయ్యాను" అంటే చాలు, గోడ క్యాలెండర్‌లో ఆ రోజు పట్టుకుని, దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుతాను. అదే పురుటి తేదీ. నెల తప్పిన వారంలోనే ఆశాకు చెప్పండి, మూత్ర పరీక్ష కిట్ మా దగ్గరే ఉంటుంది. మూడు నెలలు నిండకముందే పేరు నమోదు చేయించి తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. మొదటి కాన్పుకు మాతృ వందన యోజన కింద రెండు విడతల్లో 5,000 రూపాయలు వస్తాయి, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం సరిచూసుకోండి.

కాన్పయ్యే లోపు కనీసం నాలుగు చెకప్‌లు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే చూస్తారు. మా రేవు నుంచి ఆ రోజు అందరం ఒకే పడవలో వెళ్తాం, డీజిల్ ఖర్చు పంచుకుంటాం. బీపీ, రక్తం, మూత్రం, షుగర్ అన్నీ చూపించుకోండి. స్కాన్ ఎప్పుడో అడిగి రాసుకోండి. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర రోజూ వేసుకోవాలి. టీతో మాత్రం వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. క్యాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది ఐరన్ వల్లే.

ఎనిమిదో నెలలో పడవ నడిపే సరంగుతో మాట్లాడండి. పురుటి తేదీకి అటూ ఇటూ రెండేసి వారాలు ఏ రోజు పోటు ఎన్నింటికో రాయించుకోండి. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని వేటకెళ్లే ప్రతి మగాడికీ తెలుసు. ఆ లెక్కను ఇంటి ఆడదాని కోసం వేయమంటే మాత్రం కొత్తగా చూస్తారు. వేయించండి. అమావాస్య, పున్నమి దగ్గర పోటు ఎంత పెద్దదో పాటు అంత కిందికి దిగుతుంది. ఒక పడవ వేటకెళ్తే ఇంకోటి ఉండాలి, కాబట్టి ఇద్దరికి చెప్పి ఉంచండి. డీజిల్ డబ్బా ఇంట్లోనే పెట్టుకోండి.

తేదీకి కనీసం రెండు వారాల ముందు గట్టు మీద చుట్టాలింటికి చేరండి. ముందు ఆపరేషన్ కాన్పు అయినా, కవలలున్నా, బీపీ ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా డాక్టరు చెప్పిన రోజే బయల్దేరండి, ఇంకా ముందైనా సరే. కార్తీకం, మార్గశిరం తుపాన్ల కాలం. 1996 నవంబరు తుపాను చూసిన మా పెద్దవాళ్లు హెచ్చరిక వినగానే కడుపుతో ఉన్నవాళ్లను ముందు పంపేస్తారు. మన్యంలో సాలూరు లాంటి చోట గర్భిణులకు వసతి గృహం పెట్టారు. మా తీరానికీ అలాంటిది కావాలని నేను అడుగుతూనే ఉన్నాను.

రక్తం పడినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారే దాకా ఆగొద్దు. పడవ కదలకముందే 108కి ఫోన్ చేసి అవతలి రేవు పేరు చెప్పండి. నీళ్ల మధ్యలో సిగ్నల్ ఉండదు. ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దారిలోనే కాన్పయితే బిడ్డను పొడి గుడ్డతో తుడిచి, తల్లి రొమ్ము మీద పెట్టి ఇద్దరికీ కప్పండి. బొడ్డు కోయొద్దు. మాయను లాగొద్దు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. ఎవరైనా డబ్బడిగితే ఆశాకు చెప్పండి. సుఖప్రసవమైనా రెండు రోజులు ఉండండి, రక్తస్రావం ప్రాణం తీసేది ఎక్కువగా మొదటి రోజే. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ టీకా వేయించుకునే బయల్దేరండి. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ రేవు దాకా దింపుతుంది, అక్కడికి పడవ తెప్పించుకోండి. తర్వాతి టీకాలు నెలన్నరకు. ఆ తేదీ పక్కన కూడా పోటు వేళ రాసుకోండి.