ఫెర్రెట్‌కి పచ్చి మాంసం పెట్టే పద్ధతి

చికెన్ బ్రెస్ట్ కోసి రోజూ రెండు పూటలా ఫెర్రెట్ (ముంగిసలా పొడవాటి ఒళ్ళున్న, మాంసం తినే పెంపుడు జంతువు) ముందు పెట్టి, పచ్చి మాంసమే కదా, ఇంతకంటే సహజమైన తిండి ఏముంటుంది అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కొన్నాళ్ళు అది బాగానే తింటుంది, చలాకీగానే ఉంటుంది. ఆ తర్వాత ఎముకలు బలహీనపడటం మొదలవుతుంది. కండలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం నామమాత్రం. తిండిలో రాని కాల్షియాన్ని శరీరం తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎదిగే ఫెర్రెట్ పిల్లల్లో ఇది మరీ త్వరగా బయటపడుతుంది: వెనక కాళ్ళు ఈడుస్తాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. ఫెర్రెట్ పూర్వీకుడైన యూరప్ పోల్‌క్యాట్ అనే అడవి జంతువు తినేది ఎలుకని, కప్పని, కుందేలుని. అంటే ఎముక, గుండె, కార్జం అన్నీ కలిసిన ఒంటిని. దుకాణంలో మనకి దొరికేది ముక్కలు. వాటిని మళ్ళీ ఒక జంతువు లెక్కకి కూర్చడమే ఇందులో అసలు పని.

ఈ వివరాలు ముఖ్యంగా అమెరికా, బ్రిటన్‌లలో ఫెర్రెట్‌లని పెంచుతున్న మనవాళ్ళ కోసం. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లోనూ న్యూయార్క్ నగరంలోనూ వీటిని పెంచడమే నిషేధం. కాబట్టి ఇల్లు మారుతుంటే తిండి సంగతికన్నా ముందు ఆ సంగతి చూసుకోండి.

ఫెర్రెట్ పేగు పొట్టి. పీచుని పులియబెట్టే సీకం అనే సంచి దానికి ఉండదు. తిన్నది 3, 4 గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే అన్నం, పప్పు, కూరగాయలు దానికి వంటబట్టవు. ఊళ్ళో పిల్లికీ కుక్కకీ పెరుగన్నం కలిపి పెట్టే అలవాటు మనకుంది. ఫెర్రెట్‌కి ఆ పని చెయ్యకండి. పాలు, పెరుగు విరేచనాలు తెస్తాయి. ఎండుద్రాక్ష, అరటిపండు అది ఇష్టంగానే తింటుంది, కానీ ఆ తీపిని తట్టుకునే శరీరం కాదు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలో ముక్క అయితే కడిగి కూడా పెట్టొద్దు.

ఎంత పెట్టాలి

పెద్ద ఫెర్రెట్‌కి రోజుకి ఒంటి బరువులో 5 నుంచి 8 శాతం పచ్చి తిండి పడుతుంది. కిలో బరువున్నదానికి 60 గ్రాములతో మొదలుపెట్టి, వారం వారం బరువు చూసి సర్దుకోండి. దాన్ని కనీసం రెండు పూటలుగా ఇవ్వండి. ఆరు నెలల లోపు పిల్లలకి కొలత పెట్టొద్దు, రోజుకి 3, 4 సార్లు తిన్నంత పెట్టండి. చలికాలంలో ఒళ్ళు చేసి వేసవిలో తగ్గడం వీటికి సహజం, మగవాటిలో ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులు చూసి కంగారుగా కొలతలు మార్చకండి.

కిలో బరువున్న రెండు ఫెర్రెట్‌లకి ఒక వారం లెక్క 840 గ్రాములు. దాన్ని ఇలా కూర్చవచ్చు:

ఎముకతో ఉన్న కోడి రెక్కలు 200 గ్రాములు
గుండెకాయ 110 గ్రాములు
కార్జం 40 గ్రాములు
కిడ్నీ లేదా ప్లీహం 40 గ్రాములు
ఎముక లేని కండ 450 గ్రాములు, కనీసం రెండు రకాల జంతువులది

కోడి రెక్క బరువులో దాదాపు 46 శాతం ఎముకే. కాబట్టి 200 గ్రాముల రెక్కల్లో 92 గ్రాముల ఎముక వస్తుంది, మొత్తం తిండిలో అది 11 శాతం. పది నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే సరిపోతుంది. మెడలు వాడితే లెక్క మారుతుంది. చర్మంతో ఉన్న మెడలో ఎముక 36 శాతమే కనుక 250 గ్రాములు తీసుకుని, కండని 400కి తగ్గించండి. తొడ ముక్కలో ఎముక ఇంకా తక్కువ, పైగా పెద్ద కోడి తొడ ఎముక గట్టిది. చాలా ఫెర్రెట్‌లు దాని చుట్టూ ఉన్న కండ కొరికి ఎముక వదిలేస్తాయి. అప్పుడు మీరు పెట్టాననుకున్న కాల్షియం లోపలికి వెళ్ళలేదన్నట్టే. పెట్టిన ఎముకని కాక తిన్న ఎముకని లెక్కపెట్టండి. కౌజు పిట్ట ఎముకలు సన్నగా ఉంటాయి కాబట్టి కొత్తగా ఎముక నేర్చుకునేదానికి అది బాగా నప్పుతుంది.

వండిన ఎముక మాత్రం ఎప్పుడూ వద్దు. ఉడికితే పెళుసెక్కి, పదునుగా చీలి పేగుని కోస్తుంది.

కార్జం మంచిదని ఎక్కువ పెట్టేవాళ్ళున్నారు. అందులో విటమిన్ ఏ దండిగా ఉంటుంది, అది ఒంట్లో పేరుకుంటుంది. నెలల తరబడి ఎక్కువైతే కీళ్ళు బిగుసుకుపోతాయి. 5 శాతం దగ్గరే ఆపండి. గుండెకాయ సంగతి వేరు. అది కండ కిందే లెక్క, టారిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది, గుండె జబ్బు రాకుండా టారిన్ అవసరం. టారిన్ నీళ్ళలో కరుగుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లో మాంసం కరిగేటప్పుడు గిన్నెలో దిగిన ఎర్రటి నీళ్ళని పారబోయకుండా ముక్కల మీదే పోయండి. కందనకాయ కూడా కండ కిందికే వస్తుంది. దాన్ని అవయవం కోటాలో (కార్జం, కిడ్నీ, ప్లీహం లెక్కలో) వేసి కిడ్నీ మానేయడం తరచూ జరిగే పొరపాటు.

రకాలు, కొనేటప్పుడు చూడాల్సినవి

కోడి, మేక, కుందేలు, టర్కీ, బాతు, గొర్రె, వీటిలో కనీసం మూడు తిప్పుతూ ఉండండి. కోడి ఒక్కటే పెడితే ఇనుము, జింకు తగ్గుతాయి. కుందేలు ఒక్కటే పెడితే కొవ్వు చాలదు, దానికి తోడు బాతు గానీ చర్మంతో ఉన్న కోడి తొడ గానీ కలపాలి. బీఫ్ ఇంట్లోకి రానివ్వనివాళ్ళు బెంగపడక్కర్లేదు, మేక గుండెకాయ, మేక కండ ఆ లోటు తీరుస్తాయి. హలాల్ దుకాణాల్లో మేక గుండె, కార్జం, కిడ్నీ తాజాగా దొరుకుతాయి, సూపర్‌మార్కెట్‌లో వెతుక్కోవడంకన్నా అదే తేలిక.

అమెరికా సూపర్‌మార్కెట్‌లలో కొన్ని కోడి ప్యాకెట్‌లలోకి ఉప్పునీళ్ళు ఎక్కించి అమ్ముతారు. లేబుల్ మీద సోడియం చూడండి. మామూలు కోడిలో 112 గ్రాములకి 75 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. 200, 300 అని కనిపిస్తే ఆ ప్యాకెట్ వద్దు. బ్రిటన్‌లో వేటాడిన కుందేలు కొనేటప్పుడు తుపాకీతో కొట్టిందో కాదో అడగండి, సీసపు తునకలు మాంసంలో మిగిలిపోతాయి. దారిలో దొరికిన ఎలుక విషం తిన్నదై ఉండొచ్చు, అది ముట్టనివ్వకండి.

పంది మాంసం పెడితే 15 సెంటీమీటర్ల మందం మించని ముక్కల్ని సున్నాకి 15 డిగ్రీలు దిగువన, సెల్సియస్‌లో, 20 రోజులు గడ్డకట్టించాలి. ట్రైకినెల్లా పురుగు అలా చస్తుంది. అడవిపంది మాత్రం వద్దే వద్దు, దాంట్లో ఆయెస్కీ జబ్బు వైరస్ ఉండొచ్చు. పచ్చి చేప వారానికి ఒక చిన్న ముక్క మించొద్దు, కొన్ని చేపల్లోని థయామినేజ్ అనే ఎంజైమ్ బీ1 విటమిన్‌ని పాడుచేస్తుంది. గుడ్డు వారానికి ఒకటి చాలు, జతకి పంచండి.

కిబుల్ నుంచి మాంసానికి

అసలు కష్టం ఇక్కడే. ఫెర్రెట్‌లు దాదాపు ఆరు నెలల వయసుకల్లా ఏది తిండో వాసనతో నిర్ణయించేసుకుంటాయి. అప్పటిదాకా కిబుల్ (ప్యాకెట్‌లో వచ్చే పొడి గుళికల తిండి) తప్ప ఏమీ ఎరగనిదానికి మాంసం ముక్క తిండిలాగే అనిపించదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాడ్చకండి. ఫెర్రెట్‌కి ఆ మొండితనం పనికిరాదు. కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ముఖ్యంగా మూడేళ్ళు దాటినవాటిలో.

ఎముక లేని కోడి తొడ, చిటికెడు కార్జం, గుడ్డు పెంకు పొడి మిక్సీలో మెత్తగా తిప్పి, గోరువెచ్చని నీళ్ళతో దోసెపిండిలా జారుగా చేయండి. కిబుల్ గిన్నె ఒక రెండు గంటల ముందు తీసేసి, ఈ జావ వేలికి రాసి పెదవికి అంటించండి. నాకితే ఇంకొంచెం. ఉమ్మేసి పారిపోతే బలవంతం లేదు, కిబుల్ గిన్నె తిరిగి పెట్టేసి సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టండి. కొన్ని రెండు రోజుల్లో గిన్నెలోంచి తాగుతాయి, కొన్నిటికి మూడు వారాలు పడుతుంది. జావ ఇష్టపడ్డాక నీళ్ళు తగ్గించండి. తర్వాత కీమా, ఆ తర్వాత కీమాలో చిక్కుడు గింజంత ముక్కలు, చివరికి కొరికి నమలాల్సినంత పెద్ద ముక్క. ఆ చివరి మెట్టు మానేస్తే పళ్ళమీద గార పేరుకుంటుంది. కండని నారకి అడ్డంగా కోయండి. నార పొడవునా కోసిన పీలికలు సగం మింగుడు పడి సగం వెనక పన్నుకి చుట్టుకుని గొంతులో వేలాడతాయి.

ఎముకలని మిక్సీలో వేయకండి. బ్లేడు విరుగుతుంది, ఎముక సూదుల్లా మిగులుతుంది. ఎముక నేర్చేదాకా గుడ్డు పెంకు పొడే దిక్కు. పెంకులు కడిగి పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, పౌడర్‌లా నలగ్గొట్టండి. ఎముక లేని 450 గ్రాముల మాంసానికి అర టీస్పూన్ కలపాలి. వేళ్ళమధ్య గరుకు తగిలితే ఇంకా నలగలేదని.

మలం చెప్పే కబుర్లు

మార్పు జరిగే రోజుల్లో గింజలు గింజలుగా, పల్చగా, ఒక్కోసారి ఆకుపచ్చ జిగటతో వస్తుంది. తిండి తింటూ ఆడుతూ ఉంటే రెండు మూడు రోజులు చూడవచ్చు. తెల్లగా సుద్దలా పొడిబారి, ముక్కుతూ వెళుతుంటే ఎముక ఎక్కువైంది. నల్లగా మెత్తగా వస్తే ముందురోజు కార్జమో కిడ్నీయో పెట్టారేమో గుర్తుచేసుకోండి. పెట్టకపోయినా తారులా నల్లగా, అంటుకునేలా వస్తుంటే కడుపులో రక్తస్రావం. అదే రోజు వెట్ (పశువైద్యుడు) దగ్గరికి వెళ్ళాలి. అవయవాల కోటా అంతా ఒకే పూట పెట్టకుండా మూడు నాలుగు పూటలకి పంచితే ఈ గందరగోళం ఉండదు.

నోటిని కాళ్ళతో గీరుకుంటుంటే ముందు నోరు తెరిచి పైదవడ చూడండి, ఎముక తునక పళ్ళమధ్య అడ్డంగా ఇరుక్కుని ఉండొచ్చు. ఏమీ లేకుండా చొంగ కారుస్తూ, శూన్యంలోకి చూస్తూ, వెనక కాళ్ళు తేలిపోతుంటే అది చక్కెర పడిపోవడం. క్లోమంలో వచ్చే ఇన్సులినోమా అనే గడ్డ దీనికి తరచూ కారణం. తేనె చుక్క చిగుళ్ళకి రాసి వెంటనే బయల్దేరండి. మూర్ఛలో ఉంటే నోట్లో వేలు పెట్టొద్దు, కొరుకుతుంది. మాంసపు తిండి ఈ జబ్బుని నయం చెయ్యదు.

బర్డ్ ఫ్లూ, వంటగది శుభ్రత

1933లో లండన్ పరిశోధకులు మనిషి ఫ్లూ వైరస్‌ని మొదటిసారి వేరు చేసింది ఫెర్రెట్‌ల సాయంతోనే. ఫ్లూకి అవి అంత సులువుగా లొంగుతాయి. 2024 డిసెంబరులో ఒరెగాన్‌లో పచ్చి టర్కీ మాంసంతో చేసిన పెట్ ఫుడ్ తిని ఒక పిల్లి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయింది. ఫ్రీజర్ ఈ వైరస్‌ని చంపదు. మీ ప్రాంతంలో కోళ్ళలో బర్డ్ ఫ్లూ ఉందని తెలిస్తే కోడి, టర్కీ, బాతు పచ్చిగా మానేసి కుందేలు, మేక పెట్టండి. లేదా ఎముక లేని కోడిని లోపల 74 డిగ్రీల సెల్సియస్ తగిలేదాకా ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళతో సహా, పెంకు పొడి కలిపి పెట్టండి. టారిన్ ఎంత అదనంగా కలపాలో వెట్ చెప్తారు.

ఇంట్లో పసిపిల్లలు, గర్భిణి, ముసలివాళ్ళు ఉంటే పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా బ్యాక్టీరియా గురించి గట్టిగా ఆలోచించి, ఉడికించిన పద్ధతికే మొగ్గడం మేలు. వారం మాంసాన్ని పూటల వారీగా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టి, రేపటిది ఈరోజే ఫ్రిజ్ కింది అరలోకి దించండి. కటింగ్ బోర్డు, కత్తి దీనికి వేరే ఉండాలి. ముక్కలు పంజరంలోనే పెట్టండి, ఎందుకంటే ఫెర్రెట్ తినగా మిగిలింది దాచుకునే జీవి. బయట వదిలితే సోఫా కిందికీ, చెప్పుల స్టాండు వెనక్కీ చేరుస్తుంది, వాసన వచ్చేదాకా మీకు తెలియదు. గిన్నెలో మిగిలింది రెండు గంటల్లో తీసేయండి, పక్క గుడ్డల మడతలు కూడా దులిపి చూడండి.