బీఏ సైకాలజీ అయ్యాక ఏం చేయాలంటే

"సైకాలజీ కదా, నా మనసులో ఏముందో చెప్పు" అని మా విశాఖ ఎంవీపీ కాలనీలో ఇప్పటికీ అడుగుతారు. నవ్వేసి ఊరుకోండి.

డిగ్రీతోనే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. పైచదువులో క్లినికల్ శిక్షణ, ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ) పేరు నమోదు ఉండాలి. వెంటనే జీతం కావాలంటే హెచ్ఆర్, ఎన్జీవోలు చూడండి.

రుషికొండలో నా హెచ్ఆర్ ఇంటర్వ్యూకి ప్రాజెక్టు పట్టుకెళ్లాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో 40 మంది ప్రయాణికులతో నింపించిన ప్రశ్నావళి, ఎక్సెల్‌లో తీసిన సగటులు. (స్టాటిస్టిక్స్ పేపర్‌ని తిట్టుకుంటూనే చదివాను, అన్నం పెట్టింది మాత్రం అదే.)

"మాట్లాడనివాళ్లని ఎలా మాట్లాడించావమ్మా?"

"పక్కన కూర్చుని టీ తాగాను సార్."

అందుకే రెజ్యూమెలో 'కమ్యూనికేషన్ స్కిల్స్' అని ఊరికే రాయకండి. ఎంతమందిని కలిశారో, ఆ సమాధానాలతో ఏం తేల్చారో రాయండి.