ఫోన్ చూపించండి, చేతికివ్వకండి

పర్సు ఇంట్లో వదిలేసి ఫోన్ ఒక్కటే జేబులో వేసుకుని బయల్దేరడం హాయిగానే ఉంటుంది. లైసెన్సు, పాస్‌పోర్టు కాపీ, ఆఫీసు కార్డు, అన్నీ అందులోనే. కాకపోతే ప్లాస్టిక్ కార్డు ఎవరికిచ్చినా వాళ్లు చూసేది ఆ కార్డునే. లాక్ తీసిన ఫోన్ ఇస్తే మెసేజ్‌లు, ఫొటోలు, నిన్న రాత్రి గుట్టుగా వెతికిన జబ్బు పేరు కూడా వాళ్ల చేతిలో పడతాయి. కార్డు ఫోన్‌లో ఉంటే భయపడాల్సింది ముందు దొంగకి కాదు, ఈ చేతులు మారడానికే అని నా లెక్క.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. మీరు లాక్ తీసి కార్డు తెరుస్తారు. అవతలివాళ్లు "ఒకసారి ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపుతారు. దురుద్దేశం ఉండక్కర్లేదు, స్క్రీన్ మీద వెలుగు పడి అక్షరాలు కనపడి ఉండవు. అలవాటుగా ఇచ్చేస్తాం. పెద్దది చేద్దామని వాళ్లు వేలు జరిపితే పక్క ఫొటో వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక మెసేజ్ జారుతుంది. నాకు ఒకసారి అలా జారింది ఓటీపీ. అవతలి మనిషి మర్యాదగా తల తిప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది.

అందుకే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, ఫోన్ మీ చేతిలోనే ఉంచి చూపించండి. ఇవ్వక తప్పదనిపిస్తే ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాకుండా బిగించే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అంటారు, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్. రెండింటినీ ముందే సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. వెనక క్యూ ఉండగా వెతుక్కుంటే టెన్షన్ తప్ప ఏమీ దొరకదు. ఆండ్రాయిడ్‌లో పిన్నింగ్ తీసేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా కూడా పెట్టుకోండి, లేకపోతే బిగించీ ఉపయోగం లేదు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని మాటలు కనపడకుండా దాచెయ్యడం నిమిషం పని.

ముఖంతో, వేలిముద్రతో లాక్ తియ్యడం సుఖమే. కానీ మీ ముఖానికెదురుగా ఫోన్ ఎవరైనా పెట్టొచ్చు. ఇబ్బంది వచ్చేలా ఉందనిపిస్తే, ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్‌లో పక్క బటన్‌ని, వాల్యూమ్ బటన్‌ని కలిపి కాసేపు నొక్కి పట్టుకోండి. ఆ తర్వాత పాస్‌కోడ్ కొడితే గానీ తెరుచుకోదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో లాక్‌డౌన్ అని ఉంటుంది, అదీ ఇదే పని. ఆ పాస్‌కోడ్ నాలుగంకెలైతే మొత్తం పదివేల కలయికలే, ఆరైతే పది లక్షలు. నలుగురిలో కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టండి. కోడ్ చూసి పెట్టుకుని ఆ తర్వాత ఫోన్ లాక్కునే దొంగలున్నారు. అందుకే 2024 జనవరిలో ఐఫోన్‌కి స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ వచ్చింది. కోడ్ తెలిసినా, మీ ముఖమో వేలిముద్రో లేకుండా ముఖ్యమైన మార్పులు చెయ్యనివ్వదు.

గ్యాలరీలో కార్డు ఫొటో పెట్టుకోవడం మనందరి బద్ధకం. ఆ ఫొటో బ్యాకప్‌లోకి వెళ్తుంది, గ్యాలరీ చూసే అనుమతి ఇచ్చిన ప్రతి యాప్‌కీ అందుతుంది. తీసేసినా ఐఫోన్‌లో 30 రోజులు, బ్యాకప్ అయినదైతే గూగుల్ ఫొటోస్‌లో 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, అక్కడా తీసెయ్యాలి. ఎవరికైనా కాపీ పంపాలంటే దేనికోసమో, ఏ తేదీనో దాని మీదే అడ్డంగా రాయండి. అంకెలు కప్పడానికి ఫోన్‌లోని హైలైటర్ వాడకండి. నల్లగా కొట్టేసినట్టే ఉంటుంది కానీ వెలుగు పెంచితే కింద నంబరు తేలుతుంది. నిండు నలుపు పెట్టె గీసి కప్పండి.

ఫొటో వేరు, అసలు డిజిటల్ లైసెన్సు వేరు. 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 18013-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన లైసెన్సుకి ఫోన్ చేతులు మారనే అక్కర్లేదు. క్యూఆర్ కోడ్ చూపించినా, ఫోన్ దగ్గరగా ఆనించినా తనిఖీ మొదలవుతుంది, వివరాలు బ్లూటూత్ లాంటి దారిలో నేరుగా అవతలివాళ్ల రీడర్‌కి, అంటే లైసెన్సు చదివే పరికరానికి, వెళ్తాయి. అడిగినది 18 ఏళ్లు నిండాయా అని మాత్రమే అయితే అవుననో కాదనో పోతుంది, పుట్టినరోజు, అడ్రస్ మీ దగ్గరే ఉంటాయి. అయితే రీడర్ అన్నీ అడగొచ్చు, మనం తొందరలో 'సరే' నొక్కొచ్చు. ఏమేం అడుగుతున్నారో స్క్రీన్ మీద కనపడుతుంది, వాళ్లు ఆ వివరాలు దాచుకుంటారా అన్నది కూడా కొన్ని యాప్‌లు చెప్తాయి. ఆ నాలుగు లైన్లూ చదివి నొక్కండి.

ఫోన్ పోతే దూరం నుంచే తుడిచెయ్యడానికి ఫైండ్ మై లాంటి సదుపాయం ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. దాని పాస్‌వర్డ్ ఆ ఫోన్‌లో మాత్రమే ఉంటే లాభం లేదు.

చార్జింగ్ అయిపోతే ఇవన్నీ ఉన్నా లేనట్టే. దూరం వెళ్లేటప్పుడు అసలు కార్డు వెంట ఉంచుకోండి, కాకపోతే ఫోన్ కవర్ వెనక దోపకండి. రెండూ ఒకేసారి పోతాయి.