పాత పెళ్లి వీడియో క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం

ముందు వీహెచ్‌ఎస్ టేపు అంచు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టొద్దు, తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది. బాగుంటే చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్, రివైండ్ చేయండి. చుట్టు బిగువు సమంగా వస్తుంది.

బొమ్మలో అడ్డంగా చారలు వస్తే వీసీఆర్‌లో ట్రాకింగ్ (టేపు మీది గీతలకు హెడ్డు సరిగ్గా పడేలా చేసే సర్దుబాటు) సరిచేయండి. మంచు కురిసినట్టుంటే చాలాసార్లు హెడ్డు (టేపును చదివే భాగం) మురికే. ప్లగ్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ తోలును (మెత్తటి తుడుపు తోలు) కదలకుండా ఆనించి, హెడ్డు బిగించి ఉన్న డ్రమ్మునే చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. దూది పుల్ల అసలొద్దు, పోగులు చిక్కుకుంటాయి. తాళి కట్టే చోట పదే పదే పాజ్ చేసి చూసుంటారు. అక్కడ టేపు అరిగితే ఎవరూ బాగుచేయలేరు.

మనవి పాల్ (PAL, మన దగ్గరి టీవీ పద్ధతి) టేపులు: 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గానే (ఒక్కో ఫ్రేము గీత విడిచి గీత రెండు సగాలుగా) కంప్యూటర్‌లోకి దించండి. అమెరికాలో తీసినవి ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి): 720×480, 29.97. ఫ్రేములు జారి మాటకూ పెదవికీ పొంతన తప్పితే వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (సిగ్నల్ సమయాన్ని సరిచేసే పరికరం) పెట్టాలి.

మినీ డీవీకి (చిన్న డిజిటల్ క్యాసెట్) ఇంత తంటా లేదు. ఫైర్‌వైర్ (క్యామెరా నుంచి కంప్యూటర్‌కు డిజిటల్‌గా పంపే) కేబుల్‌తో ఉన్నదున్నట్టు దిగుతుంది, గంటకు సుమారు 13 జీబీ.